ఇరవై లెక్కపెట్టేంత ఖాళీ

మెట్ల కింద నిలబడగానే టక్‌మని ఒక చప్పుడు వినిపించింది. గట్టి బొత్తాం ఏదో లోపలికి దిగిన చప్పుడు. వెంటనే సన్నటి హోరు, దూరంగా ఇసుక మీద వాన పడుతున్నట్టు. ఆ హోరులోంచి ఒక ఆడగొంతు లేచింది. "అందరికీ సలాం. నా పేరు జైబున్నీసా. మాది జమ్మలమడుగు." మళ్లీ టక్. ఈసారి అదే గొంతు, హోరు లేకుండా, మిద్దె మీది ఎండలోంచి అవే మాటలు పలికింది. గొంతు ఒకటే అయినా రెండు ఊళ్ల నుంచి మాట్లాడుతున్నట్టు ఉంది.

పైకి వెళ్లేసరికి ఆమె పాత టేపు రికార్డరు ముందు చాప మీద కూర్చుని అరటిపండ్లు చక్రాలుగా కోస్తోంది. యాభై ఎనిమిదేళ్ల మనిషి. అరటి జిగురు పట్టి వేళ్ల కొసలు నల్లబడి ఉన్నాయి. చుట్టూ వల బిగించిన తట్టల మీద తెల్లటి చక్రాలు వరుసగా పరిచి ఉన్నాయి. పట్టపగలు ఎవరో చందమామలను ఆరబోసినట్టుంది ఆ మిద్దె.

"యాడ కూచుంటావప్పా, అంతా పండ్లే. ఆ స్టూలు లాక్కో. నువ్వేనా రాసేటోడివి?"

"నేనేనమ్మా. రమ్యశ్రీ పంపింది."

"రాయి మల్ల. నాకు తెలుగు చదవను రాదు. నువ్వు ఒకసారి చదివితే టేపులో పట్టుకుంటా. ఇని ఇని నేర్చుకుంటా."

రమ్యశ్రీ ప్రొద్దుటూరులో చిన్న వ్యాపారాలు చేసుకునే ఆడవాళ్లకు శిక్షణ ఇచ్చే అమ్మాయి. పది రోజుల్లో అక్కడ ఒక హాలులో, పెట్టుబడి పెట్టేవాళ్ల ముందు, జైబున్నీసా మూడు నిమిషాలు మాట్లాడాలి. ఆ మూడు నిమిషాలను ఒక పేజీలో రాసి ఇవ్వడం నా పని.

ఆమె అమ్మేది ఎండు అరటి. పులివెందుల తోటల దగ్గర గెలలను పెట్టెలకెత్తే చోట్లకు బస్సులో వెళ్తుంది. తొక్క మీద మచ్చ ఉందనీ, వంకర పోయిందనీ పక్కకు నెట్టిన పండ్లను కొని తెస్తుంది. కోసి, ఎండలో ఆరబెట్టి, పొట్లాలు కడుతుంది. గండికోట చూడటానికి వచ్చేవాళ్లకు కొన్ని అమ్ముడవుతాయి. ఎక్కువ పొట్లాలు మాత్రం కువైట్‌కు పోయేవాళ్ల సంచుల్లోకి పోతాయి.

ఆమె అడగాల్సింది ఒకటే. వానలో కూడా ఆరబెట్టే యంత్రం, ఆరుగురు ఆడవాళ్లు కూర్చుని పండ్లు కోసేందుకు మిద్దె మీద ఒక రేకుల షెడ్డు. అన్నీ కలిపి ఎనిమిది లక్షలు. అది దొరక్కపోతే మొదటి వానలకు ఇంటికి తాళం వేసి వేంపల్లెకు వచ్చేస్తానని తమ్ముడు అన్సర్‌కు మాటిచ్చింది. అతను అప్పుడే ఒక గది ఖాళీ చేయించాడు.

"మంచోడే మా తమ్ముడు," అంది పండు కోస్తూ. "అన్నం పెడతాడు. మాత్రలు తెచ్చిస్తాడు. ఆడ నాకు పనుండదు, అంతే. పొద్దున్న మంచం మీద కూచుంటే మాపటికి గూడా ఆ మంచమే."

"మీకు పిల్లలు?"

"లేరు."

ఆ మాట అంటున్నప్పుడు కత్తి ఆగలేదు. ఒక చక్రం, ఇంకో చక్రం రాలుతూనే ఉన్నాయి.

*

టేపు రికార్డరు సంగతి ఆమె మర్నాడు చెప్పింది.

ఆమె భర్త నాసిర్ పెళ్లయిన రెండో ఏడు కువైట్ వెళ్లాడు, డ్రైవరు పనికి. ఆ వీధిలో సగం ఇళ్ల మగవాళ్లు అక్కడే. ఉత్తరం రాయడం వచ్చిన ఆడవాళ్లు తక్కువ. ఇంకొకరి చేత రాయిస్తే కడుపులో ఉన్నది కాగితం మీదికి రాదు. అందుకని క్యాసెట్లు. ఖాళీ క్యాసెట్ కొని, మాటలు నింపి, ఊరి నుంచి వెళ్లే ఎవరి చేతికో ఇచ్చి పంపేవాళ్లు. నాసిర్ తెచ్చిన ఈ టేపు రికార్డరు వీధిలో అందరికంటే ముందు వచ్చింది. అందుకని శుక్రవారం మధ్యాహ్నాలు ఆడవాళ్లంతా జైబున్నీసా ఇంటికే వచ్చేవాళ్లు. ఒకామె లోపల మాట్లాడుతుంటే మిగిలినవాళ్లు వాకిట్లో వంతు కోసం కూర్చుని నవ్వుకునేవాళ్లు.

ఎట్లా మాట్లాడాలో ఆమే నేర్పేది. క్యాసెట్ కువైట్ చేరగానే మొగుడుండే గదిలోవాళ్లంతా చుట్టూ చేరి వింటారని అందరికీ తెలుసు. ఊరి గొంతు ఎవరి భార్యదైనా ఊరి గొంతే. కాబట్టి ముందు అందరికీ సలాం చెప్పాలి. పేరు పేరునా బాగోగులు అడగాలి. వానలూ పెళ్లిళ్లూ చెప్పాలి. ఆ తర్వాత మాట ఆపి, ఇరవై లెక్కపెట్టేంత సేపు ఏమీ మాట్లాడకుండా ఉండాలి. టేపు తిరుగుతూనే ఉంటుంది. గదిలోవాళ్లు అయిపోయిందనుకుని లేచి బయటికి పోతారు. మొగుడొక్కడే మిగులుతాడు. అప్పుడు అడగాల్సింది అడగాలి.

"పనిచేసేదా ఆ ఉపాయం?"

"చెయ్యకేం! నౌషీన్ ఉండ్లా, ఆ మూల ఇల్లు? అత్తతో పడలేకుండా ఉండా, వేరు పెట్టమని ఆ ఖాళీ తర్వాత ఏడ్చింది. మూడు నెల్లకు మొగుడు జవాబు పంపిచ్చినాడు, పెడదాంలే అని. శానా మందికి వచ్చినాయి జవాబులు."

"మీకు?"

ఆమె కుడిచేతి బొటనవేలిని మిగతా వేళ్ల కణుపుల మీద ఒక్కొక్కటిగా జరిపింది. ఇరవై లెక్కపెట్టేది అట్లానట.

"నేను ప్రతిసారీ ఒకటే అడిగినా. వచ్చేయమని. దుడ్లు చాలు, ఈడనే ఏదో ఒకటి చేసుకుందాం రా అని. పన్నెండేండ్లు అడిగినా. వాన పడిందా, మీ అమ్మకు కండ్లు బాగైనాయా, అన్నిటికీ పలికినాడు. దానికొక్కదానికీ పలకలా."

"సెలవుకు వచ్చినప్పుడు అడగలేదా?"

"యాభై రోజులుంటాడు మనిషి. వచ్చేటోళ్లు, పోయేటోళ్లు. అయినా టేపుకు చెప్పింది మొగానికి చెప్పను నోరు రాదప్పా. ఇన్న్యాడు గదా, చెప్పాలనుంటే తనే చెప్తాడులే అనుకున్యా. ఫోన్లు వచ్చినంక అడిగేదే మానుకున్యా."

క్యాసెట్లతో పాటు ఆమె ఎండు అరటి పంపేది. అక్కడి పండుకు వాసన లేదని నాసిర్ ఒకసారి అన్నాడట. గదిలో ఆరుగురూ పంచుకుని తినేవాళ్లు. ఆ ఆరుగురి ఊళ్లకు, అక్కడి నుంచి ఇంకో గదికి, ఆ రుచి పాకింది. ఆరేళ్ల కిందట నాసిర్ అక్కడే చనిపోయాడు. అక్కడే మట్టి చేశారు. పొట్లాలు అడిగేవాళ్లు మాత్రం వస్తూనే ఉన్నారు.

*

రమ్యశ్రీది తెనాలి. వాక్యం చివర అండీ లేకుండా మాట ముగించదు. ఆ వారం రెండుసార్లు వచ్చి, ఫోనులో గడియారం పెట్టుకుని స్టూలు మీద కూర్చుంది.

"పిన్నిగారూ, బాగోగులు అడగడానికే నలభై సెకన్లు అయిపోయాయండీ. వాళ్లు మన చుట్టాలా?"

"ఏమ్మేయ్, మనిషిని పలకరియ్యకుండానే ఇది కావల్ల, అది కావల్ల అంటారా ఎవరన్నా? మీ తెనాలిలో అంటారేమో."

"మా తెనాలిలో టైముకి ముగిస్తారండీ."

"నీ తెలుగు రేడియో మాదిరి ఉంటాది పాపా. ఇనను బాగుంటాది. అర్థమే కాదు."

రమ్యశ్రీ నవ్వేసింది. తర్వాత టేపు పెట్టి విన్నాం. అంతా బాగానే సాగింది. వానాకాలంలో తట్టలు బోర్లించి పెట్టాల్సి వస్తుందన్న మాట తర్వాత గొంతు ఆగిపోయింది. హోరు మాత్రం నడుస్తోంది. మేము ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాక ఎక్కడి నుంచో మళ్లీ మొదలైంది. "నాకు ఒక మిషన్ కావల్ల..."

"ఇదేంటండీ, ఇంత ఖాళీ? నిద్రపోయారా?"

"అలవాటు," అంది జైబున్నీసా, సిగ్గుపడుతూ. "తీసేస్తాలే."

తీసేసింది కూడా. చివరి రెండు రోజులు ఒక్క బిగిన, రెండు నిమిషాల యాభై సెకన్లలో చెప్పింది.

*

ప్రొద్దుటూరు బస్టాండులో మా కోసం యూనుస్ ఆటో పెట్టుకుని ఉన్నాడు. కువైట్‌లో నాసిర్‌తో ఒకే గదిలో పదేళ్లు ఉన్న మనిషి. తిరిగి వచ్చాక ఇక్కడే ఆటో తోలుకుంటున్నాడు. జైబున్నీసా తెల్లటి దుప్పట్టా సర్దుకుని, పొట్లాల సంచి ఒళ్లో పెట్టుకుని ఎక్కింది.

"భయపడాకు భాభీ. వాళ్లు గూడా మన మాదిరే మనుషులే. ఒక ముక్క నోట్లో పెట్టు, మెత్తబడతారు."

బంగారు అంగళ్ల వీధి అప్పుడే తెరుచుకుంటోంది. అద్దాల వెనక గొలుసులు ఎవరి మెడా లేకుండా మెరుస్తున్నాయి. ఆ వీధి దాటాక ఒక హోటల్ రెండో అంతస్తులో హాలు. ముందు వరుసలో ఐదుగురు. మధ్యలో విశ్వనాథ్ అనే ఆయన, ఈ ఊళ్లో పుట్టి బెంగళూరులో స్థిరపడినవాడట. వెనక నలభై, యాభై మంది. పక్క బల్ల మీద, మూడు నిమిషాలు కాగానే కొట్టడానికి, ఒక గంట.

జైబున్నీసా పిలుపు రాగానే వేదిక ఎక్కకుండా ముందు వరుస దగ్గరికి వెళ్లింది. ఐదుగురి చేతుల్లో తలా నాలుగు ముక్కలు పెట్టింది.

"నోట్లో ఏసుకోండి. మీరు నమిలేదాంక నేను మాట్లాడతాంటా."

హాలు నవ్వింది. ఆమె మైకు దగ్గరికి వెళ్లి నిలబడింది.

"అందరికీ సలాం. అందరూ బాగుండారా? మీ ఇండ్లల్లో పెద్దోళ్లు బాగుండారా?"

రమ్యశ్రీ కళ్లు మూసుకుంది. కానీ ముందు వరుసలో ఒకాయన తెలియకుండానే తల ఊపాడు, మా అమ్మ బాగుంది అన్నట్టు. ఆ తర్వాత ఆమె పులివెందుల బస్సు గురించి చెప్పింది. మచ్చ ఉన్న పండును పక్కకు తోసినప్పుడు అది చేసే మెత్తటి చప్పుడు గురించి చెప్పింది. ఎడారిలో ఒక గదిలో ఆరుగురు చేతులు చాపిన సంగతి చెప్పింది. నేను రాసిన పేజీలో ఇవి సగం లేవు.

"ఈ పండు ఎండకు ఆరతాది. వానకు ఆరదు. వానలు వచ్చిన నాలుగు నెల్లు నా తట్టలు బోర్లిచ్చి పెడతా."

అక్కడ ఆగింది.

ఊపిరి కోసం ఆగిందనుకున్నాను. పంకా తిరుగుతున్న చప్పుడు పెద్దదయింది. ఆమె చూపు ముందు వరుస మీద ఓపికగా నిలబడి ఉంది. అప్పుడు నాకు ఆమె కుడిచేయి కనిపించింది. పొట్లం పక్కన, ఎవరికీ పట్టని చోట, బొటనవేలు కణుపు మీది నుంచి కణుపు మీదికి నడుస్తోంది. మూడు. నాలుగు. ఐదు.

పదో కణుపు దగ్గర విశ్వనాథ్ చప్పట్లు కొట్టాడు. ఎంతో గౌరవంగా, ముందుకు వంగి. ఐదుగురూ కొట్టారు. హాలంతా కొట్టింది. చప్పట్ల మధ్య ఆమె నిలబడే ఉంది, వేలు నడుస్తూనే ఉంది. ముఖంలో ఆశ్చర్యం. నోరు తెరిచేసరికి గంట మోగింది. ఎవరో పూలగుత్తి చేతికిచ్చారు. మైకులో తర్వాతి పేరు పిలిచారు.

మెట్ల మీద రమ్యశ్రీ ఆమె చేయి పట్టుకుని ఆపింది.

"అడగలేదండీ మీరు! అంత బాగా చెప్పి, కావాల్సింది అడగనే లేదు!"

"అడుగుదామనే ఉంటి పాపా. ఎవరూ లేచి పోలా."

"ఎందుకు పోతారండీ?"

"అంత మందిలో ఎట్ల అడిగేది? కొంచేపు ఊరకుంటే పోయేటోళ్లు పోతారు, ఇచ్చే ఆయప్ప ఒక్కడు మిగుల్తాడు, ఆయప్పను అడుగుదాం అనుకున్యా. నేర్చుకున్నిందంతా మతికుండాది. ఆ మొగాలన్నీ చూస్తానే పాత అలవాటే వచ్చేసింది."

రమ్యశ్రీ ఆమె చేయి వదిలి పైకి పరిగెత్తింది. వచ్చేటప్పుడు చేతిలో ఒక కార్డు ఉంది.

"నాలుగు పొట్లాలు కొనుక్కుంటానన్నారండీ విశ్వనాథ్ గారు. ఇంకేదో చెబుతారని తానూ ఎదురుచూసి, అయిపోయిందనుకుని చప్పట్లు కొట్టారట. ఇప్పుడు బెంగళూరుకు బయల్దేరుతున్నారు. వాట్సాప్‌లో వాయిస్ పంపమన్నారు, దారిలో వింటానన్నారు. మొదటి మాటే ఏం కావాలో చెప్పాలండీ. మొదటి మాటే!"

*

"ఏమాయ భాభీ, ఇచ్చినారా?" అన్నాడు యూనుస్ ఆటో తిప్పుతూ.

ఆమె జరిగింది చెప్పింది. అతను మొదట అర్థం కాక, తర్వాత అర్థమై, బిగ్గరగా నవ్వాడు.

"ఆ ఖాళీనా! ఆ ఖాళీ ఈడ గూడా పెట్టినావా! అయ్యో భాభీ, ఆడ ఎవరు లేచి పోయేటోళ్లు? ఆరు మందికి ఒక గది. మంచాల మీద మంచాలు. బయట నిప్పుల మాదిరి గాలి. వరండా లేదు, ఏం లేదు. యాడికి పోతాం?"

"మరి?"

"అందరి క్యాసెట్లూ ఒకేసారి వస్తాండె. టేపు ఒకటే, అది నాది. ఒకరిది ఆగిపోతానే తీసి ఇంకొకరిది పెడ్తాంటిమి. కొంతమంది తీయకుండా ఊరకుండ్రి, వాళ్ల పెండ్లాల ఏడుపు మేమందరం ఇంటాంటిమి. నాసిర్ భాయికి సిగ్గు. నీ గొంతు ఆగితే చాలు, తనే లేచి బొత్తాం నొక్కి తీసేస్తాండె."

ఆటో ఒక గుంటలో పడి లేచింది. పూలగుత్తి ఆమె ఒళ్లోంచి జారింది. నేను అందుకున్నాను.

"తర్వాత ఇన్న్యాడా?" అంది. చాలా మెల్లగా అడిగింది.

యూనుస్ నవ్వు ఆగిపోయింది. అద్దంలో ఆమె ముఖం చూశాడు.

"తెల్దు భాభీ. నేను డ్యూటీకి పోతే టేపు పెట్టెలో పెట్టి తాళం ఏసుకుంటాంటి. ఎప్పుడన్నా ఇన్న్యాడేమో. ఇనకుండానే పెట్టుకున్న్యాడేమో. ఒట్టేసి చెప్పమంటే చెప్పలేను."

జమ్మలమడుగు బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుంది. పొలాలు వెనక్కి పోతున్నాయి. ఎర్రగుట్ట ఒకటి చాలాసేపు మాతో పాటే నడిచి, చెప్పకుండా ఆగిపోయింది. సగం దారిలో, కిటికీ వైపే చూస్తూ అంది:

"ఇని గూడా పలకలేదనుకోని, ఇన్నేండ్లు ఆ మనిషి మీద కోపం పెట్టుకున్యా. సచ్చిపోయినాడని తెలిసిన రోజు గూడా ఆ కోపం పోలా. ఇప్పుడు దాన్ని యాడ పెట్టుకునేది?"

పూలగుత్తి ఇంకా నా ఒళ్లోనే ఉంది.

*

ఇంటికి చేరేసరికి సాయంత్రం ఎండ మిద్దె మీద పసుపురంగు తిరిగింది. పొద్దున పరిచి వెళ్లిన చక్రాలు అంచులు ముడుచుకుని చిన్నవయ్యాయి. ఆమె టేపు రికార్డరు మీది ప్లాస్టిక్ కవరు సరిచేసి, దాని పక్కనే చాప మీద కూర్చుంది. ఫోను నా చేతికిచ్చింది. విశ్వనాథ్ నంబరు పెట్టి, ఎక్కడ వేలు నొక్కి పట్టుకోవాలో చూపించాను.

ఎన్నిసార్లు చెప్పి చూసుకుంటుందో అనుకున్నాను. ఒక్కసారి కూడా చెప్పి చూసుకోలేదు. నల్లబడ్డ వేలు నొక్కి పట్టింది.

"సారూ, నేను జైబున్నీసాను. నాకు వానలో గూడా పండ్లు ఆరబెట్టే మిషన్ కావల్ల. ఆరు మంది ఆడోళ్లు కూచునే రేకుల షెడ్డు కావల్ల. రెండూ కలిపి ఎనిమిది లక్షలవుతాది. పొద్దున అడగాల్సింది, అడగలా. పండ్లున్నాయి, కొనేటోళ్లుండారు. ఇంగొకటి సారూ, ఇది కాగితంలో లేదు. ఈ ఇంట్లో ఒకప్పుడు శుక్రవారం శుక్రవారం వాకిలి నిండా ఆడోళ్లుంటాండ్రి. ఇప్పుడు నేనొక్కదాన్నే. ఆ ఆరు మంది మాట్లాడుకుంటాంటే నేను ఇనల్ల. నేను వేంపల్లెకు పోయేది లేకుండా చేయి సారూ. అంతే."

వేలు తీసింది. ఎక్కడా ఆగలేదు. బొటనవేలు కణుపుల వైపు పోనే లేదు.

"పోయిందా?"

"పోయిందమ్మా."

"ఇన్న్యాడని మనకెట్ల తెలుస్తాది?"

చూపించాను. ఇప్పుడు ఈ మైకు బొమ్మ బూడిదరంగులో ఉంది. అవతల మనిషి వింటే నీలం అవుతుంది.

ఆమె ఫోనును రెండు చేతులతో పట్టుకుని కళ్లకు దగ్గరగా తెచ్చుకుంది. ఆ చిన్న బొమ్మను చూస్తూ చాలాసేపు ఉండిపోయింది. కింద వీధిలో అత్తరు, సూదులు, రిబ్బన్లు అని అరుస్తూ ఎవరో పోయారు. పెన్న వైపు నుంచి గాలి వచ్చి తట్టల మీది వల కదిలింది. నా బస్సుకు వేళయింది. లేచి, వెళ్లొస్తానన్నాను.

ఆమె తల ఎత్తలేదు.

"పోయిరాప్పా. ఇచ్చేది, ఇయ్యకపోయేది ఆయప్ప ఇష్టం. ఇన్న్యాడా లేదా, ఈసారి అది తెలిసేదాంక ఈడే కూచుంటా."